కుయెర్నవాకా: సేవకై వచ్చినవారూ, భాష నేర్పినవారూ

మా బంధువుల అమ్మాయి ఒకతె అమెరికాలో కళాశాల చదువు చదువుతున్నది. వేసవి సెలవులలో ఆరు వారాలు మెక్సికో వెళ్ళి, అక్కడ ఒక కుటుంబంతో కలిసి ఉంటూ, ఉదయం స్పానిష్ నేర్చుకుని, మధ్యాహ్నం బడిపిల్లలకు సేవ చేయాలని ఆమె సంకల్పం. "ఏమంటారు పెదనాన్నా?" అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె వెళ్ళదలచిన ఊరు కుయెర్నవాకా. ఆ పేరు వినగానే, ఇదే ప్రశ్నపై ఆ ఊరి కేంద్రంగా ఒకప్పుడు రగిలిన వివాదం జ్ఞప్తికి వచ్చింది. ఆమెకు చెప్పిన ఆ చరిత్రనే ఇక్కడా చెబుతున్నాను.

కుయెర్నవాకా మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న మొరేలోస్ రాష్ట్రానికి రాజధాని. నహువా ప్రజల భాషలో దాని పేరు క్వావ్‌నావాక్. చెట్ల చెంతనున్న ఊరని అర్థం. 16వ శతాబ్దంలో దండెత్తి వచ్చిన స్పెయిన్ వారికి ఆ పేరు నోరు తిరగలేదు. తమకు తెలిసిన మాటల మూసలో పోసి కుయెర్నవాకా అన్నారు. స్పానిష్‌లో ఆ పేరు వింటే ఆవు కొమ్ము స్ఫురిస్తుంది. చెవి ఒగ్గకముందే నోరు విప్పిన పరదేశీయుడు ఏం చేస్తాడో ఆ పేరే చెబుతున్నది.

ఇక 1961వ సంవత్సరానికి వద్దాం. ఆ మార్చి 1న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ పీస్ కోర్ సంస్థను నెలకొల్పాడు. యువతీయువకులు పేద దేశాలకు వెళ్ళి, స్థానికుల మధ్య నివసించి, వారి భాషలో మాట్లాడుతూ పనిచేయాలన్నది ఆశయం. అదే ఏడాది పోప్ 23వ జాన్ తరఫున మరొక పిలుపు వెలువడింది: ఉత్తర అమెరికాలోని మతసంఘాలు పదేళ్ళలోగా తమ సభ్యులలో పదవ వంతును లాటిన్ అమెరికాకు పంపాలి. ఇంతమంది అక్కడికి వెళ్ళాలంటే ముందుగా స్పానిష్ రావాలి కదా! ఆ శిక్షణకై 1961లోనే కుయెర్నవాకాలో ఒక కేంద్రం వెలసింది. సిడాక్ అన్న పేరుతో తరువాత జగద్విఖ్యాతమైనది అదే. దాని సారథి ఇవాన్ ఇలిచ్.

ఇలిచ్ 1926లో వియన్నాలో జన్మించాడు. బహుభాషావేత్త. కాథలిక్ మతాచార్యుడిగా న్యూయార్క్ చేరి, ప్వెర్టో రికో నుండి వలస వచ్చిన పేదల నడుమ పనిచేశాడు. 1956లో న్యూయార్క్‌లో జరిగిన ఒక ప్రయోగాన్ని ఆయన తన పుస్తకం 'డీస్కూలింగ్ సొసైటీ'లో వివరించాడు. ఉపాధ్యాయులకూ, సంఘసేవకులకూ, మతాచార్యులకూ వందల సంఖ్యలో త్వరగా స్పానిష్ నేర్పవలసి వచ్చింది. ఆయన మిత్రుడొకరు స్పానిష్ రేడియోలో ప్రకటన ఇస్తే, మరునాటికి హార్లెమ్ నుండి సుమారు 200 మంది పిల్లలు వచ్చి వరుస కట్టారు. వారిలో 48 మందిని ఎంచుకున్నారు. చాలామంది బడి మానేసినవారే. ఒక వారం తర్ఫీదుతో ఒక్కొక్కరూ నలుగురేసి పెద్దలకు గురువులైనారు. ఆరు నెలలలో పని ముగిసింది. సాయం పొందవలసినవారుగా లోకం ఎవరిని భావించిందో వారే ఇక్కడ గురుస్థానంలో కూర్చున్నారు. ఇలిచ్ ఆలోచనకు బీజం ఇందులో కనిపిస్తుంది.

కుయెర్నవాకాలోనూ శిక్షణ కఠినంగానే సాగింది. కొద్దిమంది విద్యార్థులకొక స్థానిక అధ్యాపకుడు. వాక్యాలను వల్లె వేయించడం. నెలల తరబడి అదే పని. అయితే ఇలిచ్ ఉద్దేశం సేవకులను తయారు చేయడం మాత్రమే కాదు. వచ్చినవారిలో తాము ఉద్ధరించగలమన్న భ్రమను పోగొట్టడం, వీలైతే వెనక్కి పంపడం కూడా ఆయన లక్ష్యమే. పరభాష నేర్వడమంటే పేదరికాన్ని స్వీకరించడమనీ, మాటలకన్న ముందు ఆ ప్రజల మౌనాన్ని వినడం నేర్వాలనీ ఆయన బోధించేవాడు. నిన్నటిదాకా వక్తగా వెలిగినవాడు ఈనాడు మంచినీళ్ళడగడానికి తడబడాలి. ఆ తడబాటే అతనికి మొదటి పాఠం.

1967లో ఇలిచ్ తన విమర్శను అచ్చులో పెట్టాడు. దానధర్మాల వెంట ఉత్తర అమెరికా జీవన విధానమూ, అధికారమూ దిగుమతి అవుతున్నాయన్నది దాని సారాంశం. 1968 ఏప్రిల్ 20న, వేసవిలో మెక్సికో పల్లెలకు సేవకై వెళ్ళబోయే విద్యార్థులనే సంబోధించి ప్రసంగించాడు. మీరు పర్యాటకులుగా రండి, చదువుకోవడానికి రండి, మా కొండలూ పూలూ చూసి ఆనందించండి, కాని సాయం చేయడానికి మాత్రం రాకండి అన్నది ఆ ప్రసంగ తాత్పర్యం. మీ ఊళ్ళోని పేదల దగ్గరికి వెళితే నచ్చనప్పుడు వారు మిమ్మల్ని మొహం మీదే పొమ్మనగలరు. భాష రాని పల్లెలో ఆ తిట్టు కూడా మీకు అర్థం కాదు అని ఎత్తిపొడిచాడు. అదే సంవత్సరం వాటికన్ ఆయనను రోముకు పిలిపించి విచారించింది. 1969లో ఆయన మతాచార్య బాధ్యతల నుండి తప్పుకున్నాడు.

ఇలిచ్ మాటలన్నీ నేను శిరసావహించలేను. తన కేంద్రం చాలావరకు నడిచింది స్పానిష్ నేర్వవచ్చిన ఆ పరదేశీయుల రుసుముతోనే. పోనీ, ఎవరూ ఎక్కడికీ వెళ్ళకపోతే ఒకరి కష్టం ఒకరికి తెలిసేదెలా? అయినా ఆయన ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఆరు వారాల సేవలో ఎవరు ఇస్తున్నారు, ఎవరు పుచ్చుకుంటున్నారు?

1976లో సిడాక్‌ను మూసివేశారు. అందులోని భాషాధ్యాపకులు ఆ ఊళ్ళోనే సొంత బడులు తెరిచారు. స్పానిష్ బడుల ఊరిగా కుయెర్నవాకాకు పేరు నిలవడానికి అదొక కారణం. స్థానిక కుటుంబంతో నివాసం ఈ తరహా చదువులో ముఖ్యభాగం. ఆ ఇంటివారికి ఆదాయం వస్తుంది, నిజమే. కాని రోజూ వండి వడ్డిస్తూ, అతిథి తప్పుడు క్రియాపదాలను చిరునవ్వుతో సరిదిద్దే ఆ ఇల్లాలిని ఎవరూ గురువని పిలవరు. విద్యార్థికి వచ్చే స్పానిష్‌లో సగం ఆమె వంటింటి భిక్షే అయి ఉంటుంది.

ఇలిచ్ 1978 జనవరిలో మన సేవాగ్రామ్ వచ్చి, గాంధీజీ నివసించిన కుటీరంలో కూర్చుని, ఆ మట్టి గోడలు చెప్పేది ఆలకించానని ప్రసంగించాడు. వద్దన్నవాడే అతిథిగా ఎలా వెళ్ళాలో చేసి చూపాడనిపించింది.

కథ విని మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. "అయితే మానుకోమంటారా?" అంది చివరికి.

"మానవద్దమ్మా, వెళ్ళు. సేవ చేయబోతున్నానని మాత్రం అనుకోకు. ఆ ఇంటి అమ్మ వంట చేస్తుంటే పక్కన కూర్చుని కూరగాయల పేర్లు అడుగు. ఆమె ఏదైనా పని చెబితే చెయ్యి" అన్నాను.

అది సరైన సలహాయేనా అన్న సందేహం నాకింకా ఉంది. పరదేశంలో ఒకరింట ఉండి భాష నేర్చినవారు మీలో ఉంటే, ఏమంటారో వినాలని ఉంది.