పత్రికకు వెల యిచ్చువారెవరు?

మా మెట్‌పల్లిలో తెల్లవారకముందే దినపత్రికల కట్టలు దిగును. పసుపు అమ్ముకొనుటకు వచ్చిన రైతు టీ దుకాణములో బల్లమీది పత్రికనందుకొని, తనకు కావలసిన పుటను తీసికొని, తక్కినది ప్రక్కవాని చేతికిచ్చును. ఒక ప్రతికి పదిమంది పాఠకులు. డబ్బిచ్చినవాడు మాత్రము దుకాణదారుడొక్కడే. ఇప్పుడా బల్లచుట్టు కూర్చున్నవారి చేతులలో సెల్‌ఫోనులున్నవి. పెద్ద ఇంగ్లీషు పత్రికలలోని వార్తను విప్పి నాలుగు పంక్తులు చదువులోపల తెరమీద ఒక అడ్డుగోడ లేచును: చందా కట్టినగాని తక్కిన భాగమును చూపరు. దీనికి పేవాల్ అని పేరు. ఇదేదో క్రొత్త వింతయని మా కుర్రవాండ్ర తలంపు. నాకు మాత్రము, పాత తగవే వేషము మార్చుకొని వచ్చినట్లు తోచుచున్నది.

ఆ పాత తగవు మన తెలంగాణమున ఎట్లు మొదలైనదో చూడుడు. 1922లో వరంగల్లు జిల్లా ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. అదే సంవత్సరమున నల్లగొండలో షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను స్థాపించిరి. ఒద్దిరాజువారిది పల్లెటూరు, వ్రాయువారు తామే, అచ్చువేయువారును తామే. అట్టి పత్రికకు ఆధారమేమి? చందాదారుడు. ఏడాదికొకమారు మనియార్డరు పంపువాడే పత్రికకు ప్రాణదాత. అతడు వి.పి.ని త్రిప్పి పంపెనా, సంపాదకుడు కాగితపు బేరగానికి ముఖము చాటువేయవలసినదే. ఆ కాలపు పత్రికలలో బకాయిదారులకు చేసిన విన్నపములను చదివినచో నవ్వును వచ్చును, దుఃఖమును వచ్చును.

1926 మే 10వ తేదీన సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదులో గోలకొండ పత్రికను ప్రారంభించిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని యొకరు వ్రాయగా, రెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను అచ్చువేసి ప్రత్యుత్తరమిచ్చిరి. వారానికి రెండుమారులు వచ్చు చిన్న పత్రిక ఇంత పని చేయగలిగినదన్నచో, దానిని తమదనుకొని చదివినవారు ఊరూరను ఉండుటయే కారణమని నా యభిప్రాయము.

ఐతే చందా మాత్రమే పత్రికను పోషించినదని చెప్పుట సత్యము కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసున దినపత్రిక గావించిరి. ఆ పత్రిక వెనుక నిలిచిన ధనము అమృతాంజనముది. తలనొప్పి మందు కొన్న ప్రతివాడును తనకు తెలియకుండనే తెలుగు పత్రికకు చందా కట్టెను! పంతులుగారు దేశభక్తులు గనుక ఆ ధనము దేశమునకు మేలు చేసినది. యజమాని వేరొకరైనచో?

దానికి జవాబు హైదరాబాదులోనే కలదు. 1940 తరువాతి సంవత్సరములలో కలకత్తావాలా అను వర్తకుడు మీజాన్ అను పేర ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు భాషలలో మూడు పత్రికలను నడిపెను. తెలుగు మీజానుకు అడివి బాపిరాజుగారు సంపాదకులు. ఉర్దూ పత్రిక మజ్లిసు పక్షమును, ఇంగ్లీషుది నిజాము పక్షమును, తెలుగుది ఆంధ్ర మహాసభ పక్షమును పలికెడివని పెద్దలు చెప్పగా వింటిని. యజమాని యొక్కడే, ముద్రాలయమొక్కటే, నాలుకలు మూడు! దీనిని సంపాదకుల స్వాతంత్ర్యమందురో, వర్తకుని నేర్పందురో శ్రోతలే నిర్ణయింపవలెను. బాపిరాజుగారి వంటివాడు ఆ పీఠముమీద లేనిచో తెలుగు నాలుక యెట్లు పలికియుండెడిదో యెవరెరుగుదురు?

అదే నగరమున షోయబుల్లాఖాన్ కథ వేరు. ఆయన పనిచేసిన రయ్యత్ పత్రికను నిజాము ప్రభుత్వము మూయించెను. మిత్రుల సాయముతో ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికను పెట్టి, హైదరాబాదు భారతదేశమున కలియవలెనని వ్రాసెను. 1948 ఆగస్టులో రజాకార్లు ఆయనను నడివీథిలో చంపిరి. ఆ వెల ఏ చందా లెక్కలోను చేరదు.

తరువాతి కథ మీరెరిగినదే గనుక త్వరగా చెప్పెదను. 1938లో పుట్టిన ఆంధ్రప్రభ గోయెంకాగారి సొత్తు. నార్ల వెంకటేశ్వరరావుగారు దానికి పేరు తెచ్చిరి. 1959లో యాజమాన్యమునకును పనివారికిని తగవు పుట్టగా నార్లవారు బయటకు వచ్చి, 1960లో విజయవాడలో ఆంధ్రజ్యోతికి సంపాదకులైరి. పేరు తెచ్చినది సంపాదకుడు, పత్రిక నిలిచినది యజమాని చేత. 1974లో రామోజీరావుగారు విశాఖపట్టణమున ఈనాడును స్థాపించిరి. ఆ పత్రిక 1983 ఎన్నికలకు ముందు ఎన్.టి. రామారావుగారి పార్టీకి బాసటగా నిలిచినది. 1992లో నెల్లూరు స్త్రీల సారా వ్యతిరేకోద్యమమును ఊరూరికి చేర్చినదియు అదియే. 2008లో వచ్చిన సాక్షి జగన్మోహన్‌రెడ్డిగారిది. 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ ఉద్యమపార్టీకి సన్నిహితులది. ఏ పత్రిక యే పక్షమో మా టీ దుకాణములోనివారికి కంఠస్థము. ఒక వార్త నిజమో కాదో తేల్చుకొనుటకు రెండు పత్రికలను ప్రక్కప్రక్కన పెట్టి చదువుదురు. ఇది నేను చూచిన గొప్ప విమర్శనా పద్ధతి.

యజమానికిని పైవాడొకడు కలడు, ప్రకటనదారుడు. మనమిచ్చు వెల కాగితమునకైనను చాలదు. తక్కినది ప్రకటనల వలన రావలెను. 2012లో సి.బి.ఐ. సాక్షి సంస్థ బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసినప్పుడు రాష్ట్ర ప్రభుత్వము ఆ పత్రికకు తన ప్రకటనలను ఆపివేసెను. ప్రభుత్వము కూడ పెద్ద ప్రకటనదారుడేయని నాడు పలువురికి తెలిసినది. క్రింది మెట్టున జరుగునదియు ఇంతే. మా పట్టణమున విలేకరియైన మిత్రుడొకడు కలడు. పత్రిక పేరు చెప్పను. పండుగ వచ్చెనన్న అతనికి దిగులు. బట్టల దుకాణములు, నాయకుల ఇండ్లు తిరిగి శుభాకాంక్షల ప్రకటనలు తేవలెను. ఉదయమున ఎవనిని ప్రకటన యాచించెనో సాయంకాలమున వానిని గూర్చి యేమి వ్రాయగలడు? 2015 డిసెంబరులో ఇక్కడి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడెను. చెరకు రైతునకు ఆ వార్త ప్రతిదినము కావలెను. ఆ వార్తకు ప్రకటన యిచ్చువాడెవ్వడును లేడు.

కావుననే చందాను గూర్చిన ఈ క్రొత్త తగవు నాకు చిన్నదిగా కనబడదు. 2010లో లండను టైమ్స్ తన వెబ్‌సైటుకు పూర్తిగా గోడ కట్టెను. 2011 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ నెలకు 20 వ్యాసములు ఊరక యిచ్చి, ఆపైని వెల అడిగెను. నేడు దాని చందాదారులు కోటికి మించిరి. గోడ కట్టినంతమాత్రమున యజమాని మాయమగునని కాదు. లండను టైమ్స్ మర్డోకుదే. వాషింగ్టన్ పోస్టును 2013లో అమెజాను వర్తకుడు బెజోస్ కొనెను. 2024లో అధ్యక్ష ఎన్నికలముందు ఆ పత్రిక ఏ అభ్యర్థిని బలపరుపరాదని అతడు నిర్ణయింపగా, రెండులక్షల యేబదివేలకు మించిన పాఠకులు చందా మానుకొనిరని వార్త. ఊరక చదువువానికి ఆ శక్తి లేదు. అతడు కోపించి మానినను ఎవ్వరికిని తెలియదు.

దీనికి రెండవ ప్రక్క కలదు. మా ప్రాంతమునుండి దుబాయికి, సౌదీకి పోయినవారు వేలకొలది. తెలుగు వార్తల సైటులు పెక్కు ఇంకను వెల లేకయే లభించుచున్నవి గనుక, పని ముగించుకొని వచ్చి ఆ రాత్రియే మెట్‌పల్లి సంగతులు చదువుకొందురు. గోడ లేచిన నాడు వారిలో చందా కట్టువారెందరు? కట్టలేనివానికి ఊరక దొరకునది, వేరొకడు తన పనికై డబ్బిచ్చి వ్రాయించిన వార్తయే.

గల్ఫునుండి సెలవున వచ్చిన పొరుగింటి పిల్లవానిని ఈ మాటయే అడిగితిని. అతడు నవ్వి, తమ గదిలో ఎనిమిదిమందికి ఒక ఇంగ్లీషు పత్రిక చందా కలదనియు, నెలకొకరు చొప్పున కట్టుదురనియు, ఇంగ్లీషు రానివారికి తాను చదివి తెలుగున చెప్పుదుననియు అనెను. ఈ నెల వంతు అతనిదట.