మనసుకో ప్రయోగశాల, నేలకో పటం

కోనిగ్స్‌బర్గ్ పరిసరాలు దాటి దూరదేశాల ముఖం చూడని తత్వవేత్త ఇమాన్యుయెల్ కాంట్, 1756 నుంచి సుమారు 40 ఏళ్లు విద్యార్థులకు భూగోళం బోధించాడు. మనస్తత్వశాస్త్రం మీద మాత్రం ఆయనకు అంత దయ లేదు. మనసు గణితానికి లొంగదు కాబట్టి అది అసలైన ప్రకృతి శాస్త్రం కాజాలదని 1786లో తేల్చేశాడు.

ఆ తీర్పుకు జవాబు లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో దొరికింది. 1879లో విల్‌హెల్మ్ వుంట్ అక్కడ ప్రయోగశాల పెట్టి, శబ్దం చెవిన పడ్డాక మనిషి స్పందించడానికి పట్టే సమయాన్ని సెకనులో వెయ్యో వంతు దాకా కొలిపించాడు. చిత్రమేమిటంటే, ఆయన కూర్చున్నది తత్వశాస్త్ర పీఠంలోనే! 1886లో అదే విశ్వవిద్యాలయానికి ఫ్రీడ్రిక్ రాట్జెల్ భూగోళ ఆచార్యుడిగా వచ్చాడు. నేల, వాతావరణం జాతుల చరిత్రను ఎలా మలుస్తాయన్నది ఆయన ప్రశ్న. ఒకరు మనిషిని గదిలో కూర్చోబెట్టి పరీక్షిస్తే, మరొకరు ఖండాల మీద పరిచి చూశారు. జాతి ఎదగడానికి చోటు కావాలన్న రాట్జెల్ ‘జీవన స్థలం’ భావనను తర్వాత నాజీలు ఆక్రమణలకు సాకు చేసుకున్నారు. భూగోళానికి అది చెరగని మచ్చ.

మనస్తత్వశాస్త్రం ప్రయోగశాలల అండతో విజ్ఞానశాస్త్రాల వైపు జరిగింది. భూగోళం మాత్రం తాను విజ్ఞానశాస్త్రమా, మానవీయ శాస్త్రమా అని తేల్చుకోలేకపోయింది.

1948లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన భూగోళ విభాగాన్ని మూసేయడానికి నిర్ణయించింది. అదే ఏడు కాలిఫోర్నియాలో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ టోల్మన్, చిక్కుదారుల్లో తిరిగే ఎలుకలు బుర్రలో పటం గీసుకుంటాయని రాశాడు. పటాన్ని ఒకరు వదిలేస్తే మరొకరు అందుకున్నారన్నమాట. నగరవాసుల చేత ఊరి పటాలు గీయించిన నగర ప్రణాళికావేత్త కెవిన్ లించ్ 1960లో దానిపై పుస్తకం తెచ్చాక, భూగోళవేత్తలూ ఈ మనసులోని పటాల వైపు మళ్లారు.

హార్వర్డ్‌లో ఆ విభాగం మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.