ఆశ్రమపాలనము: యార్కు నగరపు రెండు గృహముల చరిత్ర

మన సంఘము వృద్ధుల కొక నివాసగృహమును నిర్మింప దలపెట్టిన సంగతి ఈ సంచికను జదువువారెల్లరకు దెలిసినదే. స్థలము దొరకినది. విరాళముల పట్టిక నానాటికి బెరుగుచున్నది. గదికొక దాత పేరు పాలరాతిపై జెక్కింపవలెనని తీర్మానమును జరిగినది. గోడలను గూర్చియు గదులను గూర్చియు ఇంతవఱకు విశేషముగా జర్చించితిమి. కాని ఆ గదులలో నడిరేయి దగ్గుచు లేచిన ముసలివానికి నీళ్లిచ్చువా రెవరు, ఇయ్యనివారి నడుగువా రెవరు అను ప్రశ్న మాకు సభలలో వినబడలేదు. అందుచేత దానికి సంబంధించిన యొక పూర్వవృత్తాంతమును వ్రాయబూనితిమి. అది ఇంగ్లండు దేశపు చరిత్రయే యైనను, ఒక చిన్న సమాజము తనవారి కొఱకు దానే గృహమును గట్టుకొనిన కథ యగుటచే మనకు బనికివచ్చునని తలచుచున్నాము.

ఇట్టి ప్రశ్న మన పూర్వులకు గ్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అధ్యక్షప్రచార మను రెండవ యధికరణమునందే, బాలురను, వృద్ధులను, రోగులను, దిక్కులేనివారిని రాజు పోషింపవలెనని విధింపబడినది. కొన్ని యధ్యాయముల తరువాత, ఆ యధికరణమునందే, అధికారులు ధనము నపహరించు మార్గములు నలువది యని లెక్కింపబడినవి. ఈ రెండును ఒక్క యధికరణమున నుండుట చదువరులు గమనింపదగినది.

ఇక ప్రకృతము. ఇంగ్లండు ఉత్తరభాగమున యార్కు అను ప్రాచీననగరము గలదు. అచ్చట 1777వ సంవత్సరమున మతిభ్రమ నొందినవారి కొఱకు చందాలతో నొక శాల తెఱవబడెను. జాన్ కార్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి దానిని రూపొందించెను. బీదవారిని గాపాడుటయే దాని యుద్దేశము. ఉద్దేశమున లోపము లేదు, దాతలును పెద్దమనుష్యులే. కాని కాలక్రమమున వైద్యుడైన అలెగ్జాండరు హంటరే సర్వాధికారి యయ్యెను. ధనికులను జేర్చుకొని వారియొద్ద రుసుము గొనుట మొదలయ్యెను. పాలకసభవారు వైద్యుని మాటనే ప్రమాణముగా గైకొనిరి. తలుపులు మూయబడెను.

1790వ సంవత్సరము మార్చి నెలలో లీడ్సు పట్టణమునుండి హానా మిల్సు అను వితంతువు నిచ్చట జేర్చిరి. ఆమె క్వేకరు సమాజమునకు జెందినది. బంధువులు దూరమున నుండుటచే, యార్కులోని తమ సమాజమువారిని ఆమెను జూచి రమ్మని కోరిరి. వారు పోగా లోనికి రానీయరైరి. ఏప్రిలు నెల ముగియకమునుపే యామె మరణించెను. లోపల నేమి జరిగెనో బయటివారి కెవ్వరికిని దెలియలేదు.

విలియం ట్యూకు అను తేయాకు వర్తకుడు ఆ సమాజములోని పెద్ద. అప్పటికే అఱువదవ యేట నడుగిడబోవుచున్నవాడు. 1792లో సమాజపు సభలో, మనవారి కొఱకు మనమే గృహము గట్టుకొందమని ప్రతిపాదించెను. సభ్యులందఱు వెంటనే యొప్పుకొనలేదు. మనలో అట్టి రోగు లెందఱున్నారని కొందఱును, ధనమెక్కడిదని కొందఱును ఆక్షేపించిరి. (ఏ సంఘపు సభలో నైనను ఈ రెండాక్షేపణలు వినబడుచునే యుండును.) ట్యూకు పట్టు విడువలేదు. 1796లో నగరము వెలుపల మిట్టపై ముప్పదిమందికి జాలునట్టి గృహము తెఱవబడెను. దానికి రిట్రీటు, అనగా ఆశ్రయస్థానము, అని పేరిడిరి.

తెఱచిన కొలదికాలమునకే మొదటి నిర్వాహకుడు మరణించెను. అప్పుడు ట్యూకు, మఱియొకడు దొరకు వఱకు గృహభారమును స్వయముగా వహించెను. తొందరపడి యెవరినో యొకరిని నియమింపలేదు. ఈ చరిత్రలోనెల్ల మాకు మిక్కిలి విలువైనదిగా దోచిన యంశ మిదియే. 1797లో జార్జి జెప్సను అనువాడు దొరకెను. అతనికి వైద్యపట్టము లేదు. కాథరిన్ అల్లెను అను నామె స్త్రీల విభాగమును జూచుచుండెను. వీరిరువురు 1806లో వివాహము చేసికొనిరి. ఆ గృహముననే నివసించుచు దాదాపు పాతికేండ్లు దానిని నడిపిరి.

గృహవైద్యుడైన థామసు ఫౌలరు ఆ కాలపు చికిత్సలైన రక్తము దీయుట, భేదిమందులు మొదలగువానిని పరీక్షించి, వానివలన లాభము స్వల్పమని చెప్పెను. నిద్ర పట్టనివారికి నల్లమందునకు బదులు రాత్రి కడుపునిండ భోజనము పెట్టి చూచిరి, నిద్రపట్టెను. కిటికీలకు ఇనుపచట్టములే యున్నను, అవి కారాగృహపు కడ్డీలవలె గాక సామాన్యపు గొయ్యచట్టములవలె గానవచ్చునట్లు చేయించిరి. ఆవరణములలో కుందేళ్లను, కోళ్లను పెంచిరి. నిర్వాహకురాలు స్త్రీలను తేనీటివిందునకు బిలుచుచుండెను. వారు మంచిబట్టలు గట్టుకొని వచ్చెడివారు.

ముప్పదినాలుగేండ్ల బలిష్ఠు నొకనిని సంకెళ్లతో దీసికొనివచ్చిరి. చేతిసంకెళ్లు తీయకయే విప్పుటకు వీలుగా అతని బట్టలకు ద్రాళ్లు కుట్టబడి యుండెనట. జెప్సను సంకెళ్లు తీయించి, తాము భోజనము చేయుచున్న గదిలోనికి అతనిని రప్పించి, నిన్ను నీవు నిగ్రహించుకొన్నచో బంధింపవలసిన పని మాకు లేదని చెప్పెను. నాలుగు నెలలకు అతడు స్వస్థుడై యింటికి బోయెను. అయితే ఆ గృహమున నిర్బంధ మెన్నడును లేదని యనుట సత్యము కాదు. పట్టీలును, ఏకాంతపు గదియు నుండెను. గొలుసులు మాత్రము లేవు.

మేము ఉపాధ్యాయవృత్తిలో నుండగా విద్యార్థి వసతిగృహములను గొన్నింటిని జూచితిమి. వార్డెను పిల్లల పంక్తిలో గూర్చుండి భుజించు చోట సాంబారు రుచియే వేఱు. ఈ మాట హాస్యమునకు జెప్పుట లేదు.

1813లో విలియము మనుమడు శామ్యూల్ ట్యూకు ఈ గృహమును వర్ణించుచు నొక గ్రంథమును బ్రకటించెను. దానిని జదివి, పాతశాలకు హంటరు తరువాత వైద్యుడైన చార్లెసు బెస్టు, తన శాలనే నిందించిరని పత్రికలో మాఱుపేరుతో జవాబు వ్రాసెను. అదే యేట గాడ్‌ఫ్రే హిగ్గిన్సు అను మేజిస్ట్రేటు తాను శాలకు బంపిన యొక బీదవాని దేహమున దెబ్బల మచ్చలున్నవని అతని భార్యవలన వినెను. విచారణ జరిపిన పాలకులు దోషమేమియు లేదనిరి. ఇరువది పౌండ్ల విరాళ మిచ్చినవాడు పాలకుడగు నను నిబంధన యుండెను. హిగ్గిన్సును, శామ్యూలును, వారి మిత్రులును ఆ సొమ్ము చెల్లించి పాలకసభలో బ్రవేశించిరి. దానము లోకువగా జూడబడిన చోట దానమే తాళపుచెవి యయ్యెను.

1814 మార్చిలో హిగ్గిన్సు శాలకు బోయి, మూసియున్న యొక తలుపును దెఱువుమనెను. తాళపుచెవి కనబడలేదనిరి. వంటయింటి పొయ్యికడ నున్న యినుపకఱ్ఱ నాకు దాళపుచెవి కాగల దనగా వెంటనే చెవి దొరకెను. లోపల సుమారు ఎనిమిది యడుగుల చదరపు గదులు నాలుగు, మలమూత్రముల దుర్గంధముతో నుండెను. ముందునాటి రాత్రి పదుమువ్వురు స్త్రీలు వానిలో బండుకొనిరి. లెక్కలు విప్పగా, శాల పుట్టినది మొదలు మరణించినవారు 365 మంది యనియు, ప్రకటించినది 221 మాత్రమే యనియు దేలెను. ఆ యేటనే సిబ్బందిని ఇంచుమించుగా నందఱిని దొలగించిరి. 1815లో పార్లమెంటు ఉపసంఘము హిగ్గిన్సు సాక్ష్యమును వినెను. 1845లో ఇట్టి శాలలను దనిఖీచేయుటకు దేశవ్యాప్తమైన శాసనము వచ్చెను.

రిట్రీటు చిరకాలము నడచి, 2018 తుదిలో లోపల నుంచి చికిత్స చేయుటను మానుకొనెను.

మన దేశమున 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణచట్టము, జిల్లాకొకటియైన, నూటయేబదిమంది నిరుపేద వృద్ధులకు జాలునట్టి గృహములను రాష్ట్రప్రభుత్వములు నెలకొల్పవచ్చు ననుచున్నది. మన గృహము అంత పెద్దది కాబోదు. ముసాయిదా నిబంధనావళిని మేము చదివితిమి. నిర్వాహకుడు లోపల నివసింపవలెనా, ఆ వంటశాల యన్నమే తినవలెనా యను ప్రస్తావన యందు లేదు. మరణముల పుస్తకమును సర్వసభ్యసభ యెదుట నుంచవలెనను మాటయు లేదు. బంధువులు ఆదివారమున కార్యదర్శి యనుమతితో రావచ్చునని మాత్రము గలదు. ఈ మూడింటికిని మేము సవరణలు పంపియున్నాము. మహాసభ రెండవనాటి యుదయమున అవి చర్చకు రానున్నవి. ఆ పూట సభ్యులు సకాలమున హాజరుకావలెనని ప్రార్థన.