యానామునకు కల్యాణపురమను పేరెట్లు వచ్చెను?

యానామునకు కల్యాణపురమను ముద్దుపేరు కలదు. సభలలో ఆ పేరు వినబడగనే మనవారి మొగములు వికసించును. బాల్యవివాహములను మాన్పుటకై పుట్టిన చట్టమే ఆ పేరునకు కారణమని యెరిగినవారు మాత్రము అరుదు.

బ్రిటిషిండియాలో శారదా చట్టము 1929 సెప్టెంబరు 28న శాసనమయ్యెను. బాలికకు 14, బాలునకు 18 ఏండ్లు నిండకుండ వివాహము చేయరాదని దాని విధి. అమలు మాత్రము 1930 ఏప్రిల్ 1 నుండి. కచేరీ కాగితముల నడుమ తల నెరసిన మాకు ఈ రెండు తేదీల మధ్యనున్న ఆరు నెలల యర్థము తెలియును. గడువిచ్చినచో జనులు గడువులోపల పని ముగించుకొందురు. అట్లే దేశమున తొందరపెండ్లిండ్లు సాగెను. 1931 జనగణనలో వివాహితులైన బాలబాలికల సంఖ్య పెరిగి కనబడుటకు ఇదియొక కారణము.

గడువు దాటినవారికి యానాము దొరకెను. చుట్టును బ్రిటిషువారి తూర్పుగోదావరి మండలము, నడుమ ఫ్రెంచివారి యేలుబడి. సరిహద్దు దాటినచో శారదా చట్టము చెల్లదు. పెండ్లివారు బండ్లమీదను పడవలమీదను తరలివచ్చిరి. మా మాతామహి ఎనిమిదవయేట అట్లు వచ్చి యిచ్చటనే పెండ్లికూతురైనది. గౌతమిలో పడవ ఊగుటయు, కొత్తచీర కాళ్లకు అడ్డుపడుటయు ఆమెకు కడదాక జ్ఞాపకముండెను. పెండ్లికుమారుని మొగము మాత్రము జ్ఞాపకము లేదనెడిది.

ఇందుచేత ఆ చట్టమే వలదనువారు నేటికిని కలరు. మేము వారితో ఏకీభవింపజాలము. 1897లో అచ్చయిన కన్యాశుల్క నాటకపు పీఠికలో గురజాడవారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల లెక్క నిచ్చిరి. మొత్తము 1,034. అందు ఐదేండ్ల బాలికలే 99 మంది. ఇట్టి యాచారమును ప్రభుత్వము చూచుచు ఊరకుండవలెననుట న్యాయమా?

లోపము సంస్కరణలో లేదు. దానిని పొందుపరచిన తీరులో నున్నది. పోలీసులు తామై కల్పించుకొన వీలులేదు; ఎవరైన ఫిర్యాదు చేయవలెను. ఫిర్యాదుదారునినుండి నూరు రూపాయలవరకు పూచీపత్రము కోరవచ్చును. సొంత బంధువులపై డబ్బు పూచీపడి కోర్టు కెక్కువా డెవడు? నేరము రుజువైనను పెండ్లి చెల్లును. 1938లో సవరణలు వచ్చి, పెండ్లిని ముందుగా నిషేధించు అధికారము కోర్టులకు కలిగెను. సరిహద్దు దాటిన బ్రిటిషు ప్రజలకును చట్టము వర్తించెను. అప్పటికి ఎనిమిదేండ్లు గడచెను. ఆ యేండ్లలో పెండ్లిపీటలపై కూర్చుండిన పిల్లలకు ఆ సవరణ యేమి చేయగలదు?

యానాము 1954 నవంబరు 1న భారతదేశపు పాలనలోనికి వచ్చెను. ఆ సరిహద్దు పోయినది, పేరు నిలిచినది. పేరు విడువుమని మేము కోరము. మీ యిండ్ల అవ్వల, ముత్తవ్వల పెండ్లి యెచ్చట, ఎన్నవయేట జరిగినదో పెద్దల నడిగి వ్రాసియుంచుడు. వారిలో పలువురికి కల్యాణపురమనగా మేళతాళములుగాక, ఆటలు విడిచివచ్చిన దినము.