రే ఛార్లెస్ పాడిన 'వాళ్ల' పాటలు

కంట్రీ సంగీతం అంటే నాకు చాలా ఏళ్లు బేజారు. ముక్కుతో పాడే గొంతు, పెద్ద టోపీ, గిటారు. అన్నిటికన్నా మించి, అది అమెరికా దక్షిణాది తెల్లవాళ్ల సొత్తు అనే పేరు. నల్లవాళ్లను బస్సులో వెనక సీట్లకు తోసిన ఇలాకా పాట నా దిల్‌కు ఎలా తగులుతుంది? బ్లూస్ వినేవాణ్ణి, ఖవ్వాలీ వినేవాణ్ణి. కంట్రీ మొదలైతే పాట మార్చేసేవాణ్ణి.

నాకు ఆ దర్వాజా తెరిచినవాడు ఒక నల్లజాతి గాయకుడు, చూపు లేనివాడు: రే ఛార్లెస్. 1962 ఏప్రిల్‌లో వచ్చిన ఆయన ఆల్బం పేరు 'మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్'. 12 పాటలు. అన్నీ నేను దాటేస్తూ వచ్చిన కంట్రీవాళ్లు ముందే పాడినవే. వాటిలో 'యూ డోంట్ నో మీ' వినండి. ఇష్క్‌ను మనసులో దాచుకుని, పైకి చెప్పలేనివాడి పాట అది. మన గజళ్లలో ఎన్నిసార్లు వినలేదు ఆ దర్ద్‌ని! అప్పుడు నాలో ఒక సవాల్ పుట్టింది. ఈ పాటలు 'వాళ్లవి' అని ఫైసలా చేసిందెవరు?

(సంగీతం జాయజా, నాజాయజా అనే బహస్ ఉలమాలకు వదిలేద్దాం. ఇక్కడ మాట్లాడుతున్నది తారీఖ్.)

ఫైసలా చేసింది బజారు. అమెరికా దక్షిణాదిలో ఒకే గరీబీలో బతికిన నల్ల, తెల్ల వాయిద్యకారులు ఒకరి దగ్గర ఒకరు పాటలు నేర్చుకునేవారు. 1920లలో రికార్డు కంపెనీలు వచ్చి సరుకును రెండు ఖాతాల్లో వేశాయి. నల్లవాళ్లు పాడితే 'రేస్ రికార్డులు', తెల్లవాళ్లు పాడితే 'హిల్‌బిల్లీ'. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక వాటిని 'రిథమ్ అండ్ బ్లూస్', 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని మార్చింది. పేర్లకు ఇజ్జత్ వచ్చింది కానీ గోడ అలాగే ఉంది.

గోడ కింద ఏముందో చూడండి. కంట్రీకి నిషానీ అయిన బాంజో అనే సాజ్ ఖాందాన్ పశ్చిమ ఆఫ్రికాది. గులాములుగా పట్టి తెచ్చినవాళ్లు సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసుకున్న వాయిద్యం అది. ఆ గులాముల్లో కలిమా చదివినవాళ్లూ ఉన్నారు. ఇప్పటి సెనెగల్ ప్రాంతం నుంచి వచ్చి, నార్త్ కరోలినాలో గులాంగా బతికిన ఉమర్ ఇబ్న్ సయీద్ 1831లో తన జీవితకథను అరబీలో రాశాడు. ఆయన బాంజో వాయించాడని నేననడం లేదు. ఆ మట్టిలో కలిసిన చెమట ఎవరెవరిదో చెప్తున్నాను.

కంట్రీకి బాద్‌షా అనదగ్గ హ్యాంక్ విలియమ్స్‌కు చిన్నప్పుడు అలబామాలో గిటారు నేర్పిన ఉస్తాద్ రూఫస్ పేన్ అనే నల్ల వీధి గాయకుడు. ఆ ఉస్తాద్ గరీబీలోనే 1939లో పోయాడు. గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే మశ్‌హూర్ రేడియో కార్యక్రమానికి తొలి సితారాల్లో ఒకడు డిఫోర్డ్ బెయిలీ, నల్లవాడు. 1941లో ఆయన్ని తీసేశారు.

అదే ఆప్రీని ఫ్లోరిడాలో ఒక బీద తల్లి కొడుకు శనివారం రాత్రుళ్లు రేడియోలో వినేవాడు. అతనే రే. ఏడేళ్లకే చూపు పోయింది. చేర్చిన అంధుల బడిలోనూ నల్లపిల్లలు వేరు, తెల్లపిల్లలు వేరు. చూడలేని పిల్లల్ని కూడా రంగు చూసి విడదీసిన జమానా అది! 20 ఏళ్లైనా నిండకముందే ఫ్లోరిడా ప్లేబాయ్స్ అనే తెల్లవాళ్ల కంట్రీ బృందంలో పియానో వాయించాడు. అంటే 1962లో ఆయన పరాయి ఇంటి తలుపు తట్టలేదు. చిన్నప్పటి నుంచి విన్నదే పాడాడు.

కంపెనీలో భయం ఉంది, ఉన్న అభిమానులు పోతారేమోనని. కానీ ఏం పాడాలో ఎంచుకునే ఇఖ్తియార్ ఒప్పందంలోనే ఆయన చేతిలో ఉంది. తన రికార్డింగుల మీద మాలికానా హక్కు కూడా రాయించుకున్నాడు. పాటల వెనక బిగ్ బ్యాండ్, వయొలిన్లు, కోరస్ పెట్టించాడు. ఆల్బం 14 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ' పాట అయిదు వారాలు. హ్యాంక్ పాటలు కూడా ఇందులో ఉన్నాయి. రూఫస్ పేన్ అమానత్‌గా ఇచ్చింది ఒక తరం దాటి మళ్లీ నల్ల గొంతులోకి వచ్చింది.

ఇదంతా జరిగింది, విడివిడిగా కూర్చోబెట్టే హాల్లో పాడనని జార్జియాలోని అగస్టాలో కచేరీ వదులుకున్న మరుసటి ఏడాదే. దానికి ఆయన జుర్మానా కూడా కట్టాడు. అయినా 1962లో కంట్రీ చార్టు ఈ పాటలకు జగా ఇవ్వలేదు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన పేరు ప్రకటించింది 2021లో. ఆయన ఇంతెఖాల్ 2004లోనే అయింది.

ఈ కిస్సా మనకెందుకు అంటారా? "మీరు ముస్లిమా? తెలుగు బాగా మాట్లాడుతున్నారే!" అనే తారీఫ్ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మీరూ వినే ఉంటారు. వకీలు, తహసీల్దారు, దస్తావేజు లేకుండా తెలుగు కచేరీలో ఒక్క పని జరగదు. అమ్మ, అక్క, పొలం, పండగ లేకుండా మన ఇల్లు నడవదు. జబాన్‌కూ ఎవరో రెండు ఖాతాలు రాసి పెట్టారు. ఈసారి ఆ తారీఫ్ చేస్తే మన పిల్లలు షుక్రియా చెప్పి ఊరుకోనక్కర్లేదు. "మా ఇంటి భాష బాగా రాకపోతే ఎలాగండీ?" అని అడగొచ్చు.