తల్లి పేరు లేని పుట



మన కృష్ణా డెల్టాలో “మా ముత్తాత దొర బిడ్డ” అని చెప్పుకొను కుటుంబములు నేటికిని అక్కడక్కడ గలవు. కొందరు ఆ మాట గొప్పగా చెప్పుదురు, కొందరు చెవిలో చెప్పుదురు. ఏ దొర యని అడిగినచో ఏదో యొక పేరు వచ్చును. ఏ తల్లి యని అడిగినచో మాట ఆగిపోవును. తండ్రి ఎవరో తెలియకపోవుట లోకములో వింత కాదు. కని పెంచిన తల్లి పేరే తెలియకపోవుట ఎట్లు జరిగినది? ఈ సంగతిని కొంచెము ఆలోచింతము.

బందరు రేవునకు డచ్చివారు 1605లోను, ఇంగ్లీషు కుంఫిణీవారు 1611లోను వచ్చిరి. తరువాత కొన్నేండ్లు ఫ్రెంచివారు అక్కడ ఏలిరి. 1759లో కల్నల్ ఫోర్డు కోటను పట్టుకొనగా అది ఇంగ్లీషువారి వశమయ్యెను. ఆ కాలమంతయు సోల్జర్లు, గుమాస్తాలు, ఓడవారు ఒంటరిగా వచ్చి, ఈ నేలలోని స్త్రీలతో కాపురము చేసిరి. బిడ్డలు పుట్టిరి. వారిలో కొందరికి బాప్తిస్మమిచ్చినప్పుడు పాదిరి తన పుస్తకములో బిడ్డ పేరు, తండ్రి పేరు, అతని ఉద్యోగము వ్రాసెను. తల్లి పేరుండవలసిన చోట తరచుగా ఖాళీ, లేదా “ఈ దేశపు స్త్రీ” అను మాట మాత్రమే కనబడును.

తొలి దినములలో కుంఫిణీవారు ఇట్టి కాపురములను తప్పుగా ఎంచలేదు. 17వ శతాబ్దము చివర, సోల్జరును పెండ్లాడిన ఈ దేశపు స్త్రీకి బిడ్డ బాప్తిస్మ దినమున ఒక వరహా ఇయ్యవచ్చునని లండనులోని అధికారులు మద్రాసు కోటకు వ్రాసిరి. నూరేండ్లకు కాలము మారెను. 1791లో, తలిదండ్రులలో ఒకరు ఈ దేశస్థులైన కుమారునికి కుంఫిణీ పెద్దకొలువులలో చోటు లేదని ఉత్తరువు చేసిరి. నాటినుండి తల్లి పేరు బయటపడుట బిడ్డ కూటికి చేటయ్యెను. కావున ఆ ఖాళీ ఆమె దోషమునకు గురుతు కాదు. వ్రాసినవారి భయమునకు గురుతు.

ఇట్టి ఖాళీ ఎట్లు నిండునో చూపుటకు ఒక నిజమైన చరిత్ర గలదు. హైదరాబాదులో 1798 నుండి 1805 వరకు కుంఫిణీ రెసిడెంటుగా నుండిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్, నిజాము కొలువులోని పెద్దకుటుంబపు కన్య ఖైరున్నిసాను చేపట్టెను. 1801లో కుమారుడు, 1802లో కుమార్తె పుట్టిరి. ఇంటివారు వారిని సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలిచిరి. 1805లో బిడ్డలను చదువుకొరకు ఓడయెక్కించి ఇంగ్లండుకు పంపిరి. ఆ యేడే అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించెను. 1806లో లండను చర్చిలో బాప్తిస్మము పొందినప్పుడు బిడ్డలు విలియం జార్జి, కేథరిన్ ఆరోరా అయిరి. ఆ క్రొత్త పేర్లు మాత్రమే చదివినవానికి వారి తల్లి హైదరాబాదు స్త్రీ యని తోచునా?

తల్లి కథ మన బందరునకు వచ్చును. భర్త సమాధిని చూచుటకు ఆమె కలకత్తాకు వెళ్లెను. తిరిగి వచ్చునప్పుడు, బంధువై దివానుగా నుండిన మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టనియ్యలేదు. ఆమెయు, తల్లి షరఫున్నిసాయు బందరులో నివసించిరి. కిర్క్‌పాట్రిక్ క్రింద పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకు ఆశలు కల్పించి, 1808లో మద్రాసులో వేరొక స్త్రీని పెండ్లాడెను. సముద్రమునకు ఆవల బిడ్డలు, ఈవల పొమ్మన్న పుట్టిల్లు. నడుమ బందరు రేవున ఆ తల్లి దినములు గడిపెను. మీర్ ఆలం మరణానంతరము హైదరాబాదునకు తిరిగివచ్చి, 1813లో కన్నుమూసెను. బిడ్డలను మరల చూడలేదు.

అయినను ఆమె పేరు నిలిచినది. కిర్క్‌పాట్రిక్ తన వీలునామాలో బిడ్డల తల్లిని పేరుతోనే గౌరవముగా వ్రాసెను. ఆ వీలునామాయే బిడ్డలను వివాహములేని సంతానముగా పేర్కొనుచున్నది. ఇస్లాం పద్ధతిని నిఖా జరిగినదని వేరు సాక్ష్యము గలదు. మద్రాసు గవర్నరు క్లైవు ఆ రెసిడెంటు నడతపై 1801లో చేయించిన రహస్య విచారణలో సాక్షుల మాటలు వ్రాతకెక్కెను. రస్సెల్ ఉత్తరములలో బందరు దినముల ఊసు గలదు. ఒక కాగితము దాచినదానిని ఒకటి చెప్పెను. ఒకటి చెప్పినదానిని మరియొకటి సరిదిద్దెను. వీటిని కూర్చి విలియం డాల్‌రింపుల్ అను చరిత్రకారుడు 2002లో గ్రంథము ప్రకటించెను.

కుమార్తె కిట్టీ తన తల్లిని మరువలేదు. 1841లో, హైదరాబాదులో ఇంకను బ్రతికియున్న అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తరములు మొదలాయెను. అమ్మమ్మ పారసీలో వ్రాయించెను, మనుమరాలు ఇంగ్లీషులో వ్రాసెను. 1847లో ముసలామె మరణించువరకు అవి నడచెను. ఇద్దరు మరల కలిసికొనలేదు గాని, కిట్టీ తన తల్లి ఎవరో తల్లిని కన్న ఆమె మాటలోనే వినెను.

చదువరీ, నీ యింటిలో ఇట్టి ప్రశ్న యున్నచో పాదిరి పుస్తకములోని ఒక్క వరుసతో ఆగకుము. వీలునామాలు వెదకుము, బ్రతికియుండగా దాచినదానిని మనుష్యుడు మరణమునకు ముందు చెప్పుట కలదు. పెండ్లి పుస్తకములో సాక్షుల పేర్లు చూడుము. ఇక్కడి కాగితము లేదని నిరాశపడకుము. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయిరి. మనుష్యులే కొట్టుకొనిపోయిన చోట కాగితములు నిలుచునా? అయితే మద్రాసు రాజధానిలోని ఇంగ్లీషు చర్చీల పుస్తకముల నకళ్లు లండనుకు పంపబడుచుండెను. అవి నేడు అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో గలవు. ఒకే పేరు కనబడినంతనే ఒకే మనిషి యని అతుకకుము. రుజువు దొరకని చోట “తెలియదు” అని వ్రాయుము. ఇష్టమైన దొరను తెచ్చి తాతగా నిలుపుకొనుట కంటె అది మేలు.

మత్తయి సువార్త వంశావళిలో తామారు, రాహాబు, రూతుల పేర్లున్నవి. నాలుగవ స్త్రీ మాత్రము ఊరియా భార్యగానే చెప్పబడినది. ఆమె పేరు బత్షెబ యని మనకెట్లు తెలియును? సమూయేలు రెండవ గ్రంథములో నున్నది గనుక. పాత కాగితములను చదువు పద్ధతియు ఇదియే.

ఇక మన గ్రామ సంఘముల మాట. ఫాక్సు, నోబులు దొరలు 1841లో బందరునకు వచ్చిన నాటినుండి ఎందరో మన పెద్దలు బాప్తిస్మములో క్రొత్త పేరు పొందిరి. పాత పేరు ప్రక్కన వ్రాసియుంచని చోట, నాలుగు తరములకే మనుమలకు త్రోవ తప్పిపోవును. ఇది దొర బిడ్డల కొరత మాత్రమే కాదు, మన కొరతయు.

కావున సంఘ పెద్దలారా, బిడ్డ పేరు పుస్తకములో ఎక్కించునప్పుడు తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు, ఊరు పూర్తిగా వ్రాయుడి. పెద్దవారు పేరు మార్చుకొనినచో రెండు పేర్లును వ్రాయుడి. ఇంటిలో అవ్వలున్నవారు, వారి తల్లుల పేర్లు అడిగి నేడే వ్రాసికొనుడి. అవ్వ పోయిన పిమ్మట ఆ పేరు చెప్పుటకు లండనులో నకలు ఉండదు.