ద్వారము తెరచియుండిన చాలునా?

మహాభారతమున ఆరణ్యపర్వమునందు అష్టావక్రుని కథ కలదు. ఎనిమిది వంకరల దేహముతో పుట్టిన ఆ బాలుడు జనకమహారాజు యజ్ఞశాలకు పోగా, బాలురకు ప్రవేశము లేదని ద్వారపాలకుడు నిలువరించెను. జ్ఞానమునకు వయస్సు ప్రమాణము కాదని వాదించి అతడు లోనికేగి, వందిని జయించి, నీట ముంచబడిన తండ్రిని, తక్కిన పండితులను వెలికి రప్పించెను. ఆ ద్వారము తెరువబడకున్నచో నష్టము బాలునికంటె సభకే యధికమై యుండెడిది. రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయ బూనినప్పుడు, చదువు ముంగిట నిలిచిపోయినవారి చరిత్రయే వ్రాయదగినదని నాకు తోచినది.

చూపు లేనివానికి ద్వారము తెరచియున్నను గ్రంథము మూసియే యుండును. 1785లో పారిస్ నగరమున వాలెంటిన్ హావీ అనునతడు అంధబాలురకు పాఠశాల స్థాపించి, మామూలు అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చొత్తించి తడిమి చదువుట నేర్పెను. ఆ గ్రంథములు మిక్కిలి బరువైనవి. చదువుట కష్టము, వ్రాయుట మరింత కష్టము. కన్నులకు అనువైన లిపిని వ్రేళ్ళకు అప్పగించుటయే అందలి లోపము. 1809లో జీనులు కుట్టువాని యింట పుట్టి, మూడవయేట తండ్రి పనిముట్టు తగిలి చూపు కోల్పోయిన లూయీ బ్రెయిలీ ఆ పాఠశాల విద్యార్థియే. బార్బియే కల్పించిన పండ్రెండు చుక్కల పద్ధతిని అతడు పరిశీలించి, తన పదునైదవయేట, అనగా 1824లో, ఆరు చుక్కలకు కుదించెను. ఆరు చుక్కల ఉనికి లేములను గుణించిచూడుడు: 63 గుర్తులు వచ్చును. 1829లో ఆ పద్ధతి అచ్చయినను, అతడు చదివి బోధించిన పాఠశాలయే దానిని అధికారికముగా అంగీకరించుట 1854లో. అప్పటికతడు గతించి రెండేండ్లయినది.

మన దేశమున అంధుల తొలి పాఠశాల 1887లో అమృతసరమున వెలసెను. పిదప బహుకాలము ఒక్కొక్క తావున ఒక్కొక్క చుక్కల లిపి వాడుకలో నుండెను. 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడి తెలుగు మొదలగు భాషలన్నిటికి ఏకరీతి కుదిరినది.

గ్రంథాలయోద్యమ చరిత్రయు ఈ దారినే నడచినది. ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో రెండవది ప్రతి పాఠకునికి అతని గ్రంథము దక్కవలెనని చెప్పుచున్నది. ఆ యేడే మన్నార్‌గుడి ప్రాంతమున ఎద్దుబండిపై పుస్తకములు పల్లెలకు తరలినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలపై పడవలో గ్రంథాలయము నడిపించిరి. పాఠకుడు రాలేనిచోట పుస్తకమే పోవలెనని మన పెద్దలు చేతలతో నిరూపించిరి.

శాసనములు తరువాత వచ్చినవి. 1995 నాటి వికలాంగుల చట్టము సౌకర్యములు కల్పింపుమనెను గాని, ఆర్థికశక్తికి లోబడి యను మాట చేర్చుటచే తప్పించుకొనుటకు తావేర్పడెను. 2016 నాటి చట్టము వైకల్యములను ఏడింటి నుండి 21కి పెంచి, ఆటిజమును, అక్షరములు కుదురుగ తోపని అధ్యయన వైకల్యమును అందు చేర్చినది. ఉన్న ప్రజాభవనములను సరిదిద్ద నిచ్చిన ఐదేండ్ల గడువు 2022లో ముగిసినది. దృష్టిలోపము గల రాజీవ్ రతూరి తెచ్చిన వ్యాజ్యమున, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఈ ప్రమాణములు వట్టి సలహాలుగా నుండరాదనియు, విధిగా పాటింపవలసిన నిబంధనలు చేయవలెననియు ఆదేశించెను. అంధులకై గ్రంథములను వేరురూపమున అచ్చొత్తుటకు హక్కుదారుల యడ్డు తొలగించిన 2013 నాటి మరాకేష్ ఒడంబడికను, 2014లో లోకమున మొట్టమొదట ధ్రువపరచినది మన దేశమే.

ఇక మన సంగతి. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను గనుక, ఈ వ్యాసమునకై ఇరువదియైదేండ్ల ఎరవు చిట్టాలను తిరగవేసితిని. నడుమ ఆగిపోయిన పేరులలో మరణించినవారిని, ఊరు విడిచినవారిని తీసివేయగా, ఊరిలోనే యుండి, చదువు మానక, గ్రంథాలయమునకు మాత్రము రానివారు కొందరు మిగిలిరి. వారిని ఆపినది మన మూడు మెట్లు. మెట్టు ఆరంగుళములు, మూడింటికి పదునెనిమిది. అంగుళము ఎత్తునకు పండ్రెండంగుళముల నిడివి చొప్పున, పదునెనిమిది అడుగుల వాలుబాట కావలెను. పట్టుకొనుటకు ఇరువైపుల కమ్మీ, చక్రాల కుర్చీ దూరుటకు మూడడుగుల ద్వారబంధము వలయును. స్థలము మన ముంగిటనే కలదు.

ధనమక్కరలేని పనులును కలవు. పెద్ద అక్షరముల పేరుపలకలు, కూర్చుండి అందుకొన దగిన అరలు, సందడికి కలతపడు పిల్లలకొక ప్రశాంతమైన మూల, వారమునకొక పూట బిగ్గరగా చదివి వినిపించుట, రాలేనివారి యింటికి పుస్తకము చేరవేయుట మనచేతిలోని పనులే.

ఈ యుత్సవమునకు తోరణములు కట్టిన ద్వారమునకే వాలుబాట కూడ అమరినయెడల, ఆగిపోయిన పేరులు చిట్టాకెక్కగలవు. స్వర్ణోత్సవ సంచిక వ్రాయువారికి ఆ చిట్టాయే సాక్ష్యమగు గాక.